ఆచార్యులకు ఆచార్యుడు: సర్ కట్టమంచి రామలింగారెడ్డి

విశ్వవిద్యాలయమనగానే ఎత్తైన కట్టడాలు, విశాలమైన గ్రంథాలయాలు, స్నాతకోత్సవపు ఉడుపులు మనోనేత్రానికి గోచరిస్తాయి. కాని 1926 ఏప్రిల్ 26వ తేదీన బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవిర్భవించిన నాటికి దానికి సొంతంగా పాఠం చెప్పే శాఖ ఒక్కటైనా లేదు. జిల్లాలలో అప్పటికే ఉన్న కళాశాలలను అనుబంధం చేసికొని, పరీక్షలు జరిపి, పట్టాలివ్వటమే దాని పని. ముఖ్యపట్టణం ఎక్కడ ఉండాలన్న వివాదం ఒకవైపు, ఏ జిల్లాలు చేరాలి, ఏవి మద్రాసుతోనే ఉండాలన్న వివాదం మరొకవైపు నడుస్తుండగా, ఆ సంస్థకు మొదటి ఉపకులపతిగా వచ్చినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. పావు శతాబ్ది తిరిగేసరికి భౌతిక, రసాయన, భూగర్భ శాస్త్రాలలోను, చరిత్ర, అర్థశాస్త్రం, ఆంగ్లం, తెలుగులలోను దేశమంతా గౌరవించే ఆచార్యులు ఆ ప్రాంగణంలో బోధించి, పరిశోధించి పేరు తెచ్చారు. విద్యాలయానికి ప్రాణం ఉపాధ్యాయుడేనని నమ్మి, ఆ నమ్మకాన్ని మూడు రాజ్యాలలో ఆచరణలో పెట్టిన ఆ మహనీయుని జీవితం ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, తల్లిదండ్రులకు సమానంగా స్మరణీయం.

బాల్యము – విద్య

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచి గ్రామంలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు, తల్లి నారాయణమ్మగారు. అక్షరాభ్యాసం వీధిబడిలో, ఉన్నత పాఠశాల చదువు చిత్తూరులో జరిగాయి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇరుగుపొరుగున వినిపించే సీమ అది. అక్కడ పుట్టి పెరిగిన బాలునికి పొరుగు భాష పరాయిది కాలేదు. తన భాష చులకన కాలేదు. జీవితమంతా ఆయన నిలుపుకొన్న గుణం ఇదే.

ఉన్నత విద్యకు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. తెలుగు ఆచార్యులు సమర్థి రంగయ్యశెట్టిగారి ప్రోత్సాహంతో ఆ కళాశాలలోని భాషాభిమానులైన విద్యార్థులు కావ్యరచనకు పోటీలు జరుపుకొనేవారు. 1899లో అట్టి పోటీకై ఆయన రచించినదే ‘ముసలమ్మ మరణము’. అనంతపురం ప్రాంతంలోని బుక్కరాయసముద్రం చెరువుకు గండిపడినప్పుడు, ఊరిని కాపాడటానికి ఆత్మార్పణం చేసికొన్న రైతు ఇంటి కోడలి కథ ఇది. రాజులు, దేవతలు కథానాయకులుగా ఉండటానికి అలవాటుపడిన కావ్యలోకంలో పల్లెటూరి ఆడపడుచును నాయికగా నిలిపి, మంగళాంతమనే నియమాన్ని పక్కనపెట్టి, విషాదాంతంగా కావ్యం నడిపిన ఆ విద్యార్థికి అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. కావ్యానికి బహుమతి లభించింది. ఆధునికాంధ్ర కవిత్వానికి తొలి మెట్లలో దీనిని ఒకటిగా సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు.

పట్టపరీక్షలో ప్రథముడుగా నిలిచి, భారత ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1902లో ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర అభ్యసించి ప్రథమ శ్రేణి సాధించారు. కేంబ్రిడ్జి యూనియన్ అనే ప్రఖ్యాత చర్చావేదికకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. సూటిగా, చమత్కారంగా, ఒక్కొక్కసారి ఎదుటివానిని నొప్పించేంత పదునుగా మాట్లాడగల శక్తి ఆయనకు అక్కడ సానపట్టుకొన్నది. ఆ వాక్కు తరువాతి జీవితంలో ఆయనకు మిత్రులను ఎంతగా సంపాదించిందో శత్రువులను కూడా అంతగా సంపాదించింది.

బరోడా నుండి మైసూరుకు

స్వదేశానికి తిరిగివచ్చిన ఆయనను విద్యాప్రియులైన బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడుగారు తమ కొలువులోకి ఆహ్వానించారు. జాతీయోద్యమంలో ప్రవేశించటానికి శ్రీ అరవిందులు విడిచివెళ్ళిన బరోడా కళాశాల ఉపప్రధానాచార్య పదవిని రామలింగారెడ్డిగారు స్వీకరించారు. ఇద్దరూ కేంబ్రిడ్జిలో చదివినవారే. వారి త్రోవలు మళ్ళీ నాలుగు దశాబ్దాల తరువాత కలిశాయి.

బరోడాలో ఉండగానే అమెరికా మున్నగు దేశాల విద్యావిధానాలను పరిశీలించి వచ్చి, అనంతరం మైసూరు మహారాజా కళాశాలలో చరిత్రాచార్యులుగా చేరారు. ఆయన జీవితంలో నడిప్రాయమంతా కన్నడ దేశంలోనే గడిచింది. మహారాజా కళాశాలకు ప్రధానాచార్యులుగాను, 1918 నుండి 1921 వరకు సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గాను పనిచేశారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడిన కాలంలో దాని రూపకల్పనకు తోడ్పడినవారిలో ఆయన ఒకరు. విద్యాశాఖాధిపతిగా ఉన్నప్పుడు, అంటరానివారని దూరంగా ఉంచబడిన కులాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలలో తక్కిన పిల్లలతోపాటు ప్రవేశం ఉండితీరాలని పట్టుబట్టారు. ప్రతిఘటన వచ్చింది. అగ్రవర్ణాలవారు తమ పిల్లలను బడి మాన్పించిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆయన వెనుకకు తగ్గలేదు. బడి తలుపు ఒకరికి మూసిన తరువాత లోపల ఎంత గొప్ప పాఠం చెప్పినా అది సగం పాఠమేనన్నది ఆయన అభిప్రాయం.

మనుష్యులను గుర్తించటంలో ఆయనకున్న చూపుకు మైసూరులోనే ఒక చక్కని నిదర్శనం ఉంది. అనంతపురం జిల్లా రాళ్ళపల్లి గ్రామం నుండి ఒక యువకుడు సంస్కృత విద్యాభ్యాసానికై మైసూరు పరకాల మఠానికి వచ్చి ఉన్నాడు. పేరు అనంతకృష్ణశర్మ. విశ్వవిద్యాలయపు పట్టా లేదు, వయస్సు పందొమ్మిది. ఆ యువకుని పాండిత్యాన్ని, సరస హృదయాన్ని రామలింగారెడ్డిగారు గుర్తించి, 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితుడుగా నియమింపజేశారు. ఆ యువకుడే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారై, సుమారు మూడున్నర దశాబ్దాలకు మించి కన్నడ దేశంలో తెలుగు బోధించి, సాహిత్య విమర్శకులుగా, సంగీత విద్వాంసులుగా, తరువాతి కాలంలో తిరుపతిలో అన్నమాచార్య సంకీర్తనల పరిష్కర్తగా తెలుగుజాతికి మహోపకారం చేశారు. 1928లో వేమనను గూర్చి రాళ్ళపల్లివారు చేసిన ఉపన్యాసాలను ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించినప్పుడు దానికి ఉపకులపతి రామలింగారెడ్డిగారే. పదహారేళ్ళ క్రితం నాటిన మొక్క అప్పటికి ఫలించింది.

శాస్త్రానికి తెలుగు, తెలుగుకు శాస్త్రం

ఆంగ్లంలో అనర్గళంగా ఉపన్యసించి విదేశీయులను మెప్పించిన ఈ ఆచార్యుడు తన తొలి శాస్త్రగ్రంథాన్ని తెలుగులో వ్రాశారన్నది గమనింపదగినది. విజ్ఞాన చంద్రికా మండలివారి గ్రంథమాల కోసం ఆయన ‘అర్థశాస్త్రము’ రచించారు. ధర, పెట్టుబడి, భాటకం, కూలి, వర్తకం వంటి విషయాలను తెలుగు చదువరికి తెలుగు మాటలలో బోధపరచటం ఆనాడు కొత్త దారి త్రొక్కటమే. మాట లేనిచోట మాట కల్పించుకోవాలి. ఉన్నచోట దానికి శాస్త్రార్థం కట్టబెట్టాలి. మాతృభాషలో శాస్త్రం చెప్పటం సాధ్యమా అన్న సందేహానికి వాదంతో కాక పుస్తకంతో సమాధానమిచ్చారు.

1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’ ఆయనను విమర్శకాగ్రగణ్యునిగా నిలబెట్టింది. పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయ, ప్రభావతీప్రద్యుమ్నాలను ఆధారంగా తీసికొని, కావ్యానికి భావనాశక్తి, కథాసంవిధానం, ఔచిత్యం ప్రధానాలని, వర్ణనల అతివేలత దోషమని ప్రతిపాదించారు. పూర్వకవులను ఇంత నిర్మొగమాటంగా తూచటం పండితలోకానికి కష్టం కలిగించింది. ఖండనలు బయలుదేరాయి. ఆయన తీర్పులలో కొన్ని తొందరపాటువని తరువాతివారు చూపారు కూడా. అయినా తెలుగు కావ్యాన్ని ప్రశ్నించి చదవటమనే అలవాటుకు ఆ గ్రంథమే నాంది పలికింది.

శాసనసభలో

1921లో మైసూరు కొలువు విడిచి, మద్రాసు రాజధానిలో రాజకీయాలలో ప్రవేశించారు. మొదట జస్టిస్ పక్షంలో ఉండి, నాయకత్వంతో విభేదించి బయటికి వచ్చారు. 1923 నవంబరు 27న పానగల్లు రాజావారి మంత్రివర్గంపై మద్రాసు శాసనసభలో అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టినవారు ఆయనే. భారతదేశపు శాసనసభలలో అట్టి తీర్మానం అదే మొదటిదని చెబుతారు. అనుకూలంగా 44, ప్రతికూలంగా 65 ఓట్లు వచ్చి తీర్మానం వీగిపోయింది. పక్షాలు మారారన్న నింద ఆయనపై నిలిచింది. ఒక కట్టుబాటులో ఒదిగి ఉండే స్వభావం కాకపోవటం వలన రాజకీయాలలో ఆయన శక్తికి తగిన స్థానం దొరకలేదు. రాజకీయం పోగొట్టుకొన్న మనిషిని విద్యారంగం దక్కించుకొన్నది.

విశ్వవిద్యాలయ స్థాపన – పదవీ త్యాగం

1926లో ఉపకులపతి పదవిని స్వీకరించిన నాటి నుండి రెడ్డిగారి ముందున్న చిక్కులు అన్నీ ఇన్నీ కావు. ముఖ్యపట్టణానికి బెజవాడ, రాజమహేంద్రి, విశాఖపట్టణం, అనంతపురం వంటి పేర్లు వినిపించాయి. రాయలసీమ జిల్లాలు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉండిపోయాయి. తన సొంత జిల్లా చిత్తూరు విషయంలోనే వాదోపవాదాలు నడిచాయి. ఉత్తరాన బరంపురం కల్లికోట కళాశాల వరకు, అనగా నేటి ఒడిశా సీమ వరకు, విశ్వవిద్యాలయపు పరిధి వ్యాపించి ఉండేది. తుదకు 1930లో కార్యస్థానం వాల్తేరు మెట్టపైకి, సముద్రతీరానికి తరలింది.

బోధనశాఖలు తెరవటానికి రంగం సిద్ధమవుతున్న ఆ తరుణంలోనే దేశంలో ఉప్పు సత్యాగ్రహం సాగుతున్నది. సత్యాగ్రహులపై ప్రభుత్వం జరిపిన దౌర్జన్యానికి నిరసనగా రామలింగారెడ్డిగారు 1930లో పదవికి రాజీనామా చేశారు. నాలుగేళ్ళు శ్రమించి నాటిన చెట్టు కాపుకు వచ్చే వేళ దానిని మరొకరి చేతిలో పెట్టి వెళ్ళిపోవటం సామాన్యమైన త్యాగం కాదు. విద్యార్థులకు ధర్మం బోధించే సంస్థకు అధిపతిగా ఉన్నవాడు కళ్ళెదుట అధర్మం జరుగుతుండగా జీతం పుచ్చుకొంటూ కూర్చోరాదని ఆయన నిశ్చయించుకొన్నారు.

ఆయన స్థానంలో వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, 1918లో మైసూరు మహారాజా కళాశాలకు తత్త్వశాస్త్రాచార్యులుగా వచ్చి, రెడ్డిగారి విద్యాశాఖాధిపత్యాన్ని చూచినవారు. 1931లో బోధన ప్రారంభమైంది. నేటి ఒడిశాలోని కోరాపుట్ సీమకు చెందిన జయపుర సంస్థానాధీశులు, తెలుగు ఒరియా భాషలలో విద్వాంసులు అయిన విక్రమదేవవర్మగారు విజ్ఞానశాస్త్ర కళాశాలకు ఏటా లక్షరూపాయల విరాళమిచ్చి ఆదుకొన్నారు. కళాశాలకు వారి పేరే పెట్టారు. భౌతికశాస్త్రానికి సూరి భగవంతంగారు, రసాయనశాస్త్రానికి తమిళదేశం కుళిత్తలై నుండి టి. ఆర్. శేషాద్రిగారు, చరిత్ర రాజనీతులకు మామిడిపూడి వేంకటరంగయ్యగారు, తెలుగుకు పింగళి లక్ష్మీకాంతంగారు వచ్చి చేరారు. వంగదేశం నుండి హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువ విద్వాంసులు కూడా కొంతకాలం వాల్తేరులో బోధించారు.

రెండవ పర్యాయము

రాధాకృష్ణన్‌గారు ఆక్స్‌ఫర్డుకు వెళ్ళగా, 1936లో రామలింగారెడ్డిగారు తిరిగి ఉపకులపతి అయ్యారు. 1949 వరకు పదమూడేళ్ళు ఆ పదవిలో ఉన్నారు. అధికారం చేతికి రాగానే పాతవారిని తొలగించి తమవారిని తెచ్చుకొనే రివాజు లోకంలో ఉన్నదే. రెడ్డిగారు తమకు ముందు ఎంపికైన ఆచార్యులనే ఆధారం చేసికొని సంస్థను పెంచారు. తాము చరిత్ర చదివినవారు. తెలుగులో కవి, విమర్శకులు. అయినా ప్రయోగశాలలో జరిగే పని విలువను శాస్త్రజ్ఞునితో సమానంగా గుర్తించి గౌరవించారు.

ఆ కాలంలో జరిగిన పరిశోధనను కొద్దిగానైనా స్మరించుకోవటం అవసరం. సర్ సి. వి. రామన్‌గారి శిష్యులైన భగవంతంగారు కాంతి పరిక్షేపణను, రామన్ ఫలితాన్ని గూర్చి 1940లో వెలువరించిన గ్రంథం ఆ విషయంలో ప్రామాణికమైంది. గణితవేత్త టి. వెంకటరాయుడుగారితో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయిస్తూ ఆయన వ్రాసిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. ఒక శాస్త్రజ్ఞుడు, ఒక గణితజ్ఞుడు ఒకే బల్లకు ఇరువైపులా కూర్చొని ఒక పుస్తకం వ్రాయగలిగిన వాతావరణం విశ్వవిద్యాలయానికి అసలైన సంపద. కె. రంగధామరావుగారు వర్ణపట శాస్త్రంలో శిష్యులను తయారుచేశారు. శేషాద్రిగారు పత్తిపూలు, గోగుపూలు మొదలైనవాటిలోని రంగుపదార్థాల రసాయన నిర్మాణాన్ని విడదీసి చూపారు. రైతు నిత్యం చూచే పువ్వులో ప్రపంచ శాస్త్రజ్ఞులు చదువదగిన విశేషం ఉన్నదని వాల్తేరు ప్రయోగశాల నిరూపించింది. 1941లో భూగర్భశాస్త్ర శాఖ ఏర్పడింది. రామన్‌గారి మరొక శిష్యుడు సి. మహదేవన్‌గారు దానిని పెంచి పెద్దచేశారు.

మానవ శాస్త్రాలు వెనుకబడలేదు. మామిడిపూడివారు స్థానిక స్వపరిపాలనను లోతుగా పరిశోధించారు. ఆంధ్రదేశపు స్వాతంత్ర్యోద్యమ చరిత్రకు ఆధారాలను సంపుటాలుగా కూర్చే పని తరువాతి కాలంలో ఆయన చేతనే జరిగింది. పింగళివారి సాహిత్య పాఠాలు ‘సాహిత్య శిల్ప సమీక్ష’గా, ‘ఆంధ్ర సాహిత్య చరిత్ర’గా రూపుదాల్చి తరతరాల తెలుగు విద్యార్థులకు పాఠ్యగ్రంథాలైనాయి. 1947లో ఆంగ్లశాఖకు కె. ఆర్. శ్రీనివాస అయ్యంగారుగారు వచ్చి, భారతీయుల ఆంగ్ల రచనకు విశ్వవిద్యాలయాలలో స్థానం కల్పించారు. విశ్వవిద్యాలయపు గౌరవం పండితలోకపు కట్టుబాటుకు లోబడి ఉండరాదనటానికి మరొక సంగతి చాలును. పర్లాకిమిడిలో సవరలకు చదువు చెప్పి, వారి భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు వేంకట రామమూర్తిగారిని 1938లో ‘కళాప్రపూర్ణ’ బిరుదంతో సత్కరించినది ఆంధ్ర విశ్వవిద్యాలయమే. వాడుకభాషకై జీవితమంతా పోరాడిన ఆ వృద్ధునికి బ్రతికి ఉండగానే ఆ గౌరవం అందింది.

యుద్ధకాలపు పరీక్ష

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణంపై జపాను విమానాలు బాంబులు వేశాయి. వాల్తేరు ప్రాంగణం సైన్యం వశమైంది. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. పదేళ్ళుగా కూర్చిన పరికరాలు, పుస్తకాలు పెట్టెలకెక్కాయి. ఇరుకైన గదులలో, అరకొర సౌకర్యాలతో ఆచార్యులు పాఠాలు చెప్పారు. శేషాద్రిగారు పరిశోధన సాగిస్తూనే ఉన్నారు. 1946లో తిరిగి వాల్తేరు చేరేవరకు ఇదే స్థితి. కట్టడం లేకున్నా గురువు, శిష్యుడు ఉన్నచోట విశ్వవిద్యాలయం ఉంటుందని 1926లో రెడ్డిగారు ఏ పరిస్థితిలో పని మొదలుపెట్టారో, 1942లో మరల అదే పరిస్థితిలో దానిని కాపాడుకోవలసి వచ్చింది. మొదటిసారి ఆయన ఒంటరి. రెండవసారి ఆయన వెంట ఆచార్యబృందం ఉన్నది. తేడా అదొక్కటే. సంస్థ నిలిచింది.

ఆ సంవత్సరమే ఆయనకు ప్రభుత్వం ‘సర్’ బిరుదమిచ్చింది. 1930లో ప్రభుత్వాన్ని ధిక్కరించి పదవి వదిలినవానికి ఆ బిరుదం రావటాన్ని, దేశం క్విట్ ఇండియా ఉద్యమానికి సిద్ధమవుతున్న సంవత్సరంలో ఆయన దానిని ధరించటాన్ని మెచ్చనివారు ఉన్నారు. ఆయన జీవితంలోని వైరుధ్యాలలో ఇదొకటి. దాచవలసిన పని లేదు.

తుది దినాలు

1948 డిసెంబరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం రామలింగారెడ్డిగారి పేరిట ఏర్పడిన జాతీయ బహుమానాన్ని శ్రీ అరవిందులకు ప్రకటించింది. ఆశ్రమం విడిచి బయటికి రాని అరవిందులు వాల్తేరు రాలేదు. అప్పటికి ఎనుబదవ పడికి దగ్గరపడకపోయినా ఆరోగ్యం సడలుతున్న రెడ్డిగారు తామే పుదుచ్చేరికి వెళ్ళి ఆ బహుమానాన్ని వారికి అందజేశారు. బరోడా కళాశాలలో ఒకరు విడిచిన పీఠాన్ని మరొకరు స్వీకరించిన ఆ ఇద్దరు ఆచార్యులు నలుబది ఏళ్ళ తరువాత ఆ విధంగా ఎదురుపడ్డారు.

1949లో పదవీ విరమణ చేయగా, అర్థశాస్త్ర విభాగంలో పనిచేసి వచ్చిన వాసిరెడ్డి శ్రీకృష్ణగారు ఉపకులపతి అయ్యారు. తమ ప్రాంగణంలోనే ఎదిగిన ఆచార్యునికి పగ్గాలు అందటం స్థాపకునికి దక్కిన నిజమైన సంతృప్తి. రెడ్డిగారిని మైసూరు మరల పిలిచింది. మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో-ఛాన్సలర్‌గా నియమితులై, తాము ఒకనాడు చరిత్ర పాఠాలు చెప్పిన గడ్డకే చేరారు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించారు. ఆయన వివాహం చేసికొనలేదు. ఏలూరులో 1945లో ఆయన పేరిట వెలసిన కళాశాల, వాల్తేరు ప్రాంగణంలో ఆయన పేరు దాల్చిన స్నాతకోత్సవ మందిరం ఆ స్మృతిని నిలుపుతున్నాయి.

కట్టమంచివారి జీవితం నుండి గ్రహింపదగినది ఒక్కటే. రాళ్ళపల్లివారికి పట్టా లేదని ఆయన చూడలేదు. శేషాద్రిగారిది ఏ సీమ అని అడగలేదు. గిడుగువారిని పండితులు ఒప్పుకొన్నారా అని తర్కించలేదు. చెప్పగలవాడెవరు, వెదకగలవాడెవరు అని మాత్రమే చూచారు. తాము మాత్రం కన్నడ దేశంలో ఉండి తెలుగు గ్రంథాలు వ్రాశారు. తెలుగుదేశానికి వచ్చి అన్ని సీమల ఆచార్యులకు ఆసనాలు వేశారు. మాతృభాషను వదలకుండానే లోకవిద్యను అందుకోవచ్చునని చెప్పటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ఆంధ్రావనికి వెలుపల, పొరుగు భాషల నడుమ తెలుగులో ఓనమాలు దిద్దించే ప్రతి పాఠశాల, అందులో బల్ల ముందు నిలబడిన ప్రతి ఉపాధ్యాయుడు, కట్టమంచి వీధిబడిలో పలక పట్టుకొని కూర్చొన్న ఆ బాలుని వంటివాడు తమ తరగతిలోనూ ఉండవచ్చునని మరువకుండుగాక.